ముందు భాగం రోడ్డుకు, వెనక భాగం మంటకు: ఒక కోల్డ్ స్టోరేజీ అప్పు కథ

"తనఖా ఆస్తిని ప్రభుత్వం సేకరించినా, అగ్నిప్రమాదం వంటి కారణాలతో అది దెబ్బతిన్నా, అందుకు వచ్చే పరిహారం లేదా బీమా సొమ్ము యావత్తూ బ్యాంకుకే చెల్లాలి. బ్యాంకు దాన్ని తన ఇష్ట ప్రకారం బాకీకి జమ కట్టుకోవచ్చు."

అసలు ఇంగ్లీషులో ఉన్న ఆ షరతుకు నా తెలుగు ఇది. మంజూరు పత్రంలో దాని సంఖ్య 23. లాయరునైన నా దగ్గరికి వచ్చిన బావా బావమరుదులు దాని కింద సంతకం చేసినప్పుడు చదవలేదు. ఆ రోజు వాళ్లు చూసుకున్నవి వడ్డీ, వాయిదా, ప్రాసెసింగ్ ఫీజు. వాళ్లను తప్పుపట్టలేను. పత్రం రాసిన వాళ్లు కూడా ఆ షరతు గురించి ఆలోచించి ఉంటారని నేను అనుకోను. పాత పత్రం నుంచి కొత్త పత్రంలోకి అలా దిగుతూ వస్తోంది.

గుంటూరు జిల్లాలో జాతీయ రహదారి పక్కన మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ వాళ్లది. 3 ఎకరాల 20 సెంట్ల స్థలం, రెండు చాంబర్లు. ముందు వైపు ఆఫీసు, లారీల కాటా, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే ఆవరణ, ట్రాన్స్‌ఫార్మర్. టైటిల్ డీడ్లు (ఆస్తి హక్కు పత్రాలు) బ్యాంకులో తనఖాగా డిపాజిట్ చేసి 5 కోట్ల టర్మ్ లోన్ తీసుకున్నారు. మనుషులు గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. లెక్కల తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

2016లో రహదారి విస్తరణకు జాతీయ రహదారుల చట్టం 3ఏ సెక్షన్ కింద నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలకు 21 రోజుల గడువు. అది పత్రికలో వచ్చిన ప్రకటన చూసి ఎవరో చెప్పేసరికే దాటిపోయింది. తర్వాత 3డీ ప్రకటన వెలువడింది. ఆ ప్రకటనతో భూమి ఎలాంటి బాధ్యతలూ లేకుండా కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. తనఖా కూడా ఒక బాధ్యతే. కనుక ముందున్న 40 సెంట్ల మీద బ్యాంకు తనఖా హక్కు ఆ రోజుతో పోయింది, దాని బదులు పరిహారం సొమ్ము మీద హక్కు పుట్టింది. రైతులకైనా వ్యాపారులకైనా ఈ ముక్క చెప్పి ఒప్పించడం కష్టం.

పరిహారం 1 కోటి 90 లక్షలుగా తేలింది. 2013 భూసేకరణ చట్టం మొదటి షెడ్యూలు 2015 నుంచి రహదారుల సేకరణకూ వర్తిస్తోంది కాబట్టి భూమి విలువకు సమానమైన సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కూడా కలిసింది. లేకపోతే ఇంత వచ్చేది కాదు. అయితే మిగిలిన స్థలానికి జరిగిన నష్టం కింద ఒక్క రూపాయీ ఇవ్వలేదు. లారీ లోపలికి వచ్చి తిరిగే చోటు పోయింది. కాటా లేకుండా మిర్చి కోల్డ్ స్టోరేజీ నడవదు. రహదారుల చట్టం 3జీ(7) ఈ నష్టాలను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. భాగం వేరైనందువల్ల మిగతా ఆస్తికి కలిగే నష్టం, సంపాదనకు కలిగే దెబ్బ, వ్యాపారం తరలించే ఖర్చు అన్నీ అందులో ఉన్నాయి. అధికారి లెక్కలో వాటికి చోటు దొరకలేదు. మధ్యవర్తి ముందు 3జీ(5) కింద దరఖాస్తు పెట్టాం. దాని సంగతి తర్వాత.

బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది: 1.90 కోట్లూ బాకీకి జమ చేయాలి. అప్పటికి బాకీ 4 కోట్ల 20 లక్షలు.

"లాయరు గారూ, స్థలం మాది, కాటా మాది, పోయింది మాది. డబ్బు మాత్రం బ్యాంకుదా?" అన్నాడు పెద్దాయన.

అవునని చెప్పాల్సి వచ్చింది. 23వ షరతు లేకపోయినా జవాబు దాదాపు అదే. ఆస్తి బదిలీ చట్టం 73వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, తనఖా ఆస్తిని నిర్బంధంగా సేకరిస్తే వచ్చే పరిహారంలోంచి తన బాకీని పూర్తిగా గానీ కొంత గానీ అడిగే హక్కు తనఖాదారుకు, అంటే ఇక్కడ బ్యాంకుకు, ఉంది. మూడో ఉపసెక్షన్ ఇంకా గట్టిది: అసలు చెల్లించాల్సిన గడువు రాకపోయినా అడగవచ్చు. ఏడేళ్ల వాయిదాలకు ఇచ్చిన అప్పు ఒక గెజిట్ ప్రకటనతో ఈ రోజే చెల్లించాల్సిన అప్పు అయిపోగలదు. అప్పు పత్రంలో ఈ విషయం మీద ఏమీ రాయకుండా వదిలేస్తే రుణగ్రహీతకు మేలని కొందరు అనుకుంటారు. మౌనంగా ఉంటే చట్టం మాట్లాడుతుంది, అదీ బ్యాంకు పక్షాన. మనకు కావలసిన మినహాయింపు ఏదైనా మనమే రాయించుకోవాలి.

సంతకం అయిపోయింది కనుక ఇప్పుడు బతిమాలుకోవడమే దారి. బతిమాలడానికైనా ఒక లెక్క చేతిలో ఉండాలి. అదే చట్టం 66వ సెక్షన్‌లో ఒక కొలత ఉంది. తనఖా ఆస్తి విలువ బాకీ కంటే మూడో వంతు ఎక్కువ ఉంటే చాలు, భవనాలైతే సగం ఎక్కువ ఉండాలి. అంతకు తగ్గితేనే తనఖా చాలనట్టు. మిగిలిన స్థలానికీ చాంబర్లకూ కొత్తగా విలువ కట్టించాం: 7 కోట్ల 60 లక్షలు. బాకీకి ఒకటిన్నర రెట్లు అంటే 6.30 కోట్లు. పైసా జమ చేయకపోయినా తనఖా చాలుతుందన్నమాట. బ్యాంకు న్యాయాధికారి నవ్వి, 73కు 66తో సంబంధం లేదన్నారు. ఆయన చెప్పింది నిజమే. అయితే ఆ కాగితాన్ని జోనల్ ఆఫీసుకు పంపడానికి మాత్రం ఒప్పుకున్నారు. చట్టప్రకారం గెలవని వాదన రుణ విభాగంలో పనికొచ్చిన సందర్భాలు నా అనుభవంలో చాలానే ఉన్నాయి.

చివరికి 1.10 కోట్లు బాకీకి, 80 లక్షలు కొత్త కాటా, ఆఫీసు, దారి, ట్రాన్స్‌ఫార్మర్ తరలింపు పనులకు. ఈ 80 లక్షలను బ్యాంకు తనంతట తాను జమ వేసుకోవడానికి వీల్లేని నో లీన్ ఖాతాలో పెట్టి, బిల్లులు చూపించిన కొద్దీ విడుదల చేశారు.

ఇంతవరకు బాగానే ఉందనుకుంటుండగా రెండు మెలికలు బయటపడ్డాయి. ముందస్తు చెల్లింపు అంటూ 1.10 కోట్ల మీద 2 శాతం, అంటే 2 లక్షల 20 వేలు రుసుం వేశారు. ప్రభుత్వం లాక్కుంటే వచ్చిన డబ్బును బ్యాంకే అడిగి తీసుకుని, నువ్వు ముందుగా కట్టావు కాబట్టి జరిమానా అనడం ఎక్కడి న్యాయమో. కంప్యూటరులో ఆ రుసుం దానంతటదే పడిందట. నాలుగు ఉత్తరాల తర్వాత వెనక్కి వేశారు. రెండోది ఇంకా లోతైనది. జమ చేసిన 1.10 కోట్లను చివరి వాయిదాలకు సర్దారు. దాంతో అప్పు గడువు తగ్గింది గానీ నెల వాయిదా తగ్గలేదు. ఆవరణ ఇరుకై సీజనులో లారీలు రోడ్డు మీదే ఆగుతున్న వ్యాపారానికి ఊపిరాడాల్సింది ఈ నెలలో, ఆరేళ్ల తర్వాత కాదు. దీన్ని మార్చలేకపోయాం.

పద్నాలుగు నెలల తర్వాత, 2018 వేసవిలో, రెండో చాంబరు కాలిపోయింది.

కోల్డ్ స్టోరేజీ మంట గురించి చూడని వాళ్లకు ఒక మాట. గోడల్లో చలి నిలవడానికి వేసిన థర్మోకోల్ అంటుకుంటుంది. లోపల మిర్చి రాజుకుంటుంది. గాలి ఆడని గదిలో అది మంటగా కంటే పొగగా ఎక్కువ మండుతుంది. ఆ ఘాటుకు అగ్నిమాపక సిబ్బంది కూడా దగ్గరికి పోలేరు. ఇక్కడ పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. సరుకు రైతులది. దానికి వేరే పాలసీ, ఆ టిక్కీల మీద వేరే బ్యాంకులు ఇచ్చిన రుణాలు. ఆ వ్యవహారం ఇంకో కేసు అవుతుంది కాబట్టి ఇక్కడ దాని జోలికి పోను.

భవనం, యంత్రాల పాలసీ 5 కోట్లకు ఉంది. 5 కోట్లే ఎందుకు? అప్పు 5 కోట్లు కాబట్టి. బీమా మొత్తాన్ని ఆస్తి తిరిగి కట్టే ఖర్చుతో కాక అప్పు మొత్తంతో ముడిపెట్టడం మన దగ్గర ఎంత పాతుకుపోయిన అలవాటో, దాని ఖరీదు ఎంతో ఇక్కడ చూడండి. నష్టం అంచనాకు బీమా కంపెనీ తరఫున వచ్చిన సర్వేయరు లెక్క ప్రకారం మొత్తం ఆస్తిని ఇప్పుడు కొత్తగా కట్టాలంటే 6.25 కోట్లు. ఉన్న బీమా 5 కోట్లు, అంటే 80 శాతం. కాలిన చాంబరు తిరిగి కట్టే ఖర్చు 2.40 కోట్లు. తక్కువ బీమా చేసినందుకు సగటు నియమం పడి అందులో 80 శాతమే, అంటే 1.92 కోట్లు వస్తుంది. అప్పట్లో ఉన్నది పాత ప్రామాణిక అగ్ని పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్లు దాటి 50 కోట్ల దాకా ఉన్న ఆస్తులకు వచ్చిన భారత్ లఘు ఉద్యమ్ సురక్షలో 15 శాతం వరకు తక్కువైతే మన్నిస్తారు. ఇక్కడ తక్కువైంది 20 శాతం. కొత్త పాలసీ ఉన్నా గట్టెక్కేవాళ్లం కాదు.

ఇప్పుడు అసలు విషయం. పాలసీలో పునర్నిర్మాణ విలువ క్లాజు ఉంది. తరుగు (పాతబడినందుకు తగ్గే విలువ) తీయకుండా కొత్తది కట్టే ఖర్చు ఇస్తామని దాని సారాంశం. కానీ ఆ మాటకు గట్టి షరతు ఉంది: నిజంగా కట్టాలి. నష్టం జరిగిన 12 నెలల్లోపు పని పూర్తి కావాలి, లేదా ఆ 12 నెలలు ముగియకముందే కంపెనీ రాతపూర్వకంగా గడువు పెంచాలి. కట్టకపోతే తరుగు తీసేసిన విలువే దక్కుతుంది. ఈ చాంబరుకు తరుగు పోను విలువ 1.50 కోట్లు. ఆ లెక్కలో మొత్తం ఆస్తి విలువ 4 కోట్లే కనుక సగటు నియమం పడదు. అంటే కడితే 1.92 కోట్లు, కట్టకపోతే 1.50 కోట్లు. తేడా 42 లక్షలు.

ఇప్పుడు 23వ షరతు మళ్లీ చదవండి. బీమా సొమ్ము వచ్చినట్టే బ్యాంకు బాకీకి జమ వేసుకుంటే, కట్టడానికి వీళ్ల దగ్గర డబ్బు ఉండదు. కట్టకపోతే వచ్చే సొమ్మే 42 లక్షలు తగ్గుతుంది. వచ్చిన డబ్బు ఎవరికి పోవాలో చెప్పడానికి రాసిన వాక్యం, అసలు ఎంత డబ్బు వస్తుందో కూడా నిర్ణయిస్తోంది. ఇరవై రెండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. ఆ రోజు కాగితం మీద రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూసేదాకా నాకు కూడా ఇది ఇంత స్పష్టంగా తట్టలేదు.

బ్రాంచి మేనేజరుకు చూపిస్తే వెంటనే పట్టుకున్నారు. అప్పటికి బాకీ 2 కోట్ల 75 లక్షలు. బ్యాంకు 1.50 కోట్లు తీసుకుంటే 1.25 కోట్ల బాకీ మిగులుతుంది, ఒక్క చాంబరు మిగులుతుంది. అమ్మోనియా ప్లాంటు నడిపే మనిషి జీతం, కనీస కరెంటు బిల్లు చాంబర్లు సగమయ్యాయని సగం కావు. ఒక్క చాంబరు అద్దె ఆ బాకీని మోయలేదు. కట్టనిస్తే 2.75 కోట్ల బాకీ ఉంటుంది, రెండు చాంబర్లు ఉంటాయి. మేనేజరు ఒప్పుకున్నారు. జోనల్ ఆఫీసు ఒప్పుకోవడానికి అయిదు నెలలు పట్టింది. మధ్యలో ఆస్తి బదిలీ చట్టం 68వ సెక్షన్ ప్రస్తావిస్తూ, తనఖా దెబ్బతింది కనుక అదనపు ఆస్తి చూపించమని ఒక ఉత్తరం కూడా వచ్చింది. పన్నెండు నెలల గడియారం ఈ అయిదు నెలలూ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఇంతలో సర్వేయరు ఇంకో ప్రశ్న వేశాడు. రోడ్డు కోసం తరలించిన ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడికి పోయింది? రెండో చాంబరు గోడకు దగ్గరగా. మంట మొదలైంది ఎక్కడ? ఆ గోడ వైపు. పాలసీ మూడో షరతు ప్రకారం, ప్రమాద అవకాశం పెరిగేలా భవనం పరిస్థితులు మారితే, ముందుగా కంపెనీ ఒప్పుదల ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే రాత) రూపంలో తీసుకోకపోతే బీమా ఆగిపోతుంది.

ఇక్కడ బ్యాంకుకీ రుణగ్రహీతకీ దారులు ఎలా విడిపోతాయో చెప్పాలి. అప్పు ఉన్న ఆస్తుల అగ్ని పాలసీల్లో బ్యాంకు క్లాజు ఒకటి ఉంటుంది. సొమ్ము బ్యాంకుకే చెల్లిస్తారని అందరికీ తెలుసు. ఆ క్లాజులోనే ఇంకో వాక్యం ఉంది: మూడో షరతు ఉల్లంఘన బ్యాంకు చేసింది కాకపోతే, బ్యాంకు ప్రయోజనం మేరకు బీమా ఆగదు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ వంకతో కంపెనీ వీళ్ల క్లెయిము కొట్టేసినా బ్యాంకు తన బాకీ మేరకు అడగగలదు. అంతకు మించి ఈ ప్రశ్న మీద పోరాడాల్సిన అవసరం దానికి లేదు. కట్టాలంటే అవసరమైన మిగతా డబ్బు కోసం పోరాడాల్సింది వీళ్లొక్కరే. ఇద్దరూ ఒకే పాలసీలో ఉన్నారు గానీ ఒకే పడవలో లేరు.

మమ్మల్ని బయటపడేసింది నా తెలివి కాదు. రోడ్డు వ్యవహారంలో అన్ని కాగితాలూ చూసిన నేను, మార్పుల గురించి బీమా కంపెనీకి తెలియజేయమని ఒక్కసారీ చెప్పలేదు. ఆ తప్పు నాది. వాళ్ల గుమస్తా కొత్త కాటాను పాలసీలో చేర్చమని అడుగుతూ, ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన సంగతీ, విద్యుత్ సంస్థ ఇచ్చిన నక్షా జతపరిచి పంపాడు. దాని మీద ఎండార్స్‌మెంట్ వచ్చింది. ఆ కాగితం అతని టేబుల్ సొరుగులో, కరెంటు బిల్లుల మధ్య దొరికింది.

తర్వాతి పనులు నెమ్మదిగానైనా సాగాయి. నాలుగో నెలలో 60 లక్షలు తాత్కాలిక చెల్లింపుగా వచ్చాయి. అవీ నో లీన్ ఖాతాలోకే. ఇంజినీరు ధ్రువపత్రం మీద దఫాలుగా విడుదల, ప్రతి దఫాలో 10 శాతం నిలిపి పని పూర్తయ్యాక ఇవ్వడం. కొత్త రోడ్డు అంచు నుంచి వదలాల్సిన దూరం వల్ల చాంబరును పాత పునాది మీద కట్టే వీలు లేకపోయింది. ఆరు మీటర్లు వెనక్కి జరిపాం. పాలసీ క్లాజు వేరే చోట కట్టడానికి కూడా ఒప్పుకుంటుంది, కంపెనీ భారం పెరగనంత వరకు. కొత్త పునాదికి అయిన అదనపు ఖర్చు వీళ్లదే. పదకొండో నెలలో గడువు పెంపు ఉత్తరం చేతికందింది. పదిహేనో నెలలో చాంబరు చల్లబడింది. తక్కువైన 48 లక్షలూ, పునాది ఖర్చూ బావమరిది తన పొలం అమ్మి తెచ్చాడు. వ్యాపారం ఆగినప్పుడు పోయే లాభానికి బీమా పాలసీ లేదు, కాబట్టి ఆ పదిహేను నెలల వడ్డీ జేబులోంచే కట్టారు. రెండుసార్లు బకాయి 80 రోజులు దాటింది. 90 దాటితే ఖాతా నిరర్థక ఆస్తి అయ్యేది. ఆ తర్వాత నోటీసులు, వేలం అనే వేరే కథ మొదలయ్యేది.

మధ్యవర్తి తీర్పు మూడేళ్లకు వచ్చింది. మిగిలిన స్థలానికి జరిగిన నష్టం కింద 26 లక్షలు, దానిమీద 9 శాతం వడ్డీ. బ్యాంకు మళ్లీ ఉత్తరం రాసింది. ఈసారి మాత్రం సిద్ధంగా ఉన్నాం: మొదటి సర్దుబాటు ఉత్తరంలోనే "తర్వాత పెరిగే పరిహారం రుణగ్రహీతది" అనే మాట రాయించాను. ఈ కేసులో నేను ముందుచూపుతో చేసిన పని ఏదైనా ఉంటే అది ఒక్కటే.

అమెరికాలో మోటెల్ కొన్న మా మేనకోడలి భర్త ఆ మధ్య తన అప్పు పత్రం పంపి చదవమన్నాడు. అందులో ఈ రెండు విషయాలకే ప్రత్యేకంగా పదకొండు పేజీలు ఉన్నాయి. అక్కడి పత్రాల్లో కండెమ్నేషన్ అంటే తప్పుపట్టడం అనుకునేరు, ప్రభుత్వం ఆస్తిని తీసుకోవడం. ఫలానా మొత్తం లోపు నష్టమైతే డబ్బు నేరుగా యజమానికే. దాటితే అప్పిచ్చిన సంస్థ దగ్గర ఉంటుంది. అప్పు గడువుకు ఇన్ని నెలల ముందే పని పూర్తవుతుందనీ, వాయిదాలు ఆగవనీ చూపిస్తే కట్టడానికి ఇవ్వక తప్పదు. బాకీకి తీసుకుంటే ముందస్తు రుసుం లేదు. రుణగ్రహీత మీద దయతో రాసినవి కావు ఇవి. మాటమాటకీ ఎవరో ఒకరు కోర్టుకెళ్లి తేల్చుకున్నట్టు కనిపిస్తాయి. మనకు పదకొండు పేజీలు అక్కర్లేదు గానీ, రెండు లైన్లు మాత్రం చాలవు.

కిందటేడు బావా బావమరుదులు మూడో చాంబరుకు కొత్త అప్పు అడిగారు. మంజూరు పత్రం తీసుకుని ఈసారి నేరుగా నా దగ్గరికే వచ్చారు. 23వ షరతు 26గా మారింది, మాట మారలేదు. నేను నాలుగు సవరణలు రాసి పంపాను. బీమా మొత్తం అప్పును బట్టి కాక తిరిగి కట్టే ఖర్చును బట్టి ఉండాలి. తనఖా 66వ సెక్షన్ కొలతకు సరిపోతున్నంత వరకు పరిహారం, బీమా సొమ్ము పునర్నిర్మాణానికే పోవాలి, బ్యాంకు 45 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే. జమ చేసుకున్న సొమ్ముతో నెల వాయిదా తగ్గాలి. ముందస్తు రుసుం ఉండకూడదు.

పత్రం పదకొండు రోజులకు తిరిగొచ్చింది. మూడు ఒప్పుకున్నారు. 45 రోజుల మాట కొట్టేసి, "సహేతుకమైన కాలంలో" అని రాశారు. పెద్దాయన ఆ మాట రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, "అంటే అయిదు నెలలేనా లాయరు గారూ?" అని అడిగాడు. మళ్లీ పంపాం. 60 రోజుల దగ్గర కుదిరింది.